ఇసుక మీద నీడ నీలం

మా ఆయన గాలిమరల కంపెనీలో ఇంజనీరు. ఆ ఉద్యోగం పుణ్యమా అని మేం పాలమూరు నుంచి జైసల్మేరు చేరాం. ఆ ఊరి చుట్టూ ఎటు చూసినా గాలిమరలే. రాజుల స్మారక మండపాలున్న బడాబాగ్‌లో నిలబడితే, పసుపురాతి గోపురాల వెనక తెల్లటి రెక్కలు తిరుగుతూ కనిపిస్తాయి. పిల్లలిద్దరూ హైదరాబాదులో హాస్టల్లో ఉండేవాళ్ళు. ఆయన పొద్దున్నే సైటుకి వెళ్తే చీకటి పడ్డాకే రావడం. భాష అంతంత మాత్రం, చుట్టాలు లేరు, పక్కాలు లేరు.

పక్క వాటాలో శ్రీకాకుళం అమ్మాయి ఉండేది. భర్త సరిహద్దు భద్రతా దళంలో జవాను. నన్ను అక్కా అనే అర్థంలో 'అప్పా' అని పిలిచేది. వాళ్ళ పాప నాలుగో తరగతి చదువుతూ, సాయంత్రాలు గడీసర్ చెరువు పక్క వీధిలో ఒక మాస్టారి దగ్గర బొమ్మలు నేర్చుకునేది. ఆయన సర్కారు బడిలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఊరంతా ఆయన్ని మాడ్‌సాబ్ అనే పిలిచేవారు. ఒకరోజు పాపను దింపడానికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాం. ఆయన లోపలికి వెళ్ళి ఇంకో రెండు అట్టముక్కలు, రెండు కుంచెలు తెచ్చి మా ముందు పెట్టారు. "బాయీసా, ఊరికే కూర్చుంటే చలి వేస్తుంది. చేతికి పని పెట్టండి" అన్నారు. మా చదువు అలా మొదలైంది.

ఆయన పద్ధతిలో మొదటి నియమం చిన్న కాగితం. జైపూరు పక్కనున్న సాంగానేరులో చేతితో చేసే దళసరి కాగితం తెప్పించి, పోస్టుకార్డంత ముక్కలుగా కోసి పెట్టుకునేవారు. పెద్ద కాగితం చూస్తే కొత్తవాళ్ళ చెయ్యి బిగుసుకుపోతుందని ఆయన నమ్మకం. కార్డు ముక్క మీద బొమ్మ బాగా రాకపోతే పోయేదేమీ లేదు, ఇంకోటి తీసుకోవచ్చు. రెండో నియమం రబ్బరు వాడకపోవడం. మూడోది నాకు అన్నిటికన్నా నచ్చింది. టీ వచ్చేసరికి బొమ్మ ఎంతవరకు వస్తే అంతవరకే. గ్లాసు చేతికొచ్చాక ఇక కుంచె ముట్టకూడదు. ఎవరి బొమ్మకూ ఎవరూ మార్కులు వేయకూడదు. పక్కవాళ్ళ కాగితంలో నచ్చినది ఒకటి వెతికి చెప్పి, టీ తాగాలి. మేం చదువుకున్న బళ్ళలో డ్రాయింగ్ క్లాసు ఇలా జరగడం నేనెప్పుడూ చూడలేదు. యాపిల్ పండూ, జెండా, కొండల మధ్య ఉదయించే సూర్యుడూ బోర్డు మీద గీస్తే మేం దించేవాళ్ళం, అంతే.

రంగులు మూడే: యెల్లో ఓకర్, బర్న్ట్ సియెనా, అల్ట్రామెరీన్ బ్లూ. పసుపుమన్ను రంగు, కాల్చిన ఎర్రమన్ను రంగు, ముదురు నీలం. ఎడారికి ఇవి చాలంటే నాకు మొదట నమ్మకం కలగలేదు. ఓకర్‌ని పల్చగా చేస్తే ఎండలో ఇసుక. సియెనా కలిపితే సాయంత్రం ఇసుక. నీలమూ సియెనా సమంగా కలిస్తే ఎంతో అందమైన బూడిద రంగు వస్తుంది. అది దూరపు రాళ్ళకీ, ఒంటె కాళ్ళ కింది నీడకీ పనికొస్తుంది. ఓకర్‌లో నీలం కాస్త వేస్తే దుమ్ము పట్టిన ఆకుపచ్చ వస్తుంది. థార్‌లో చెట్ల పచ్చదనం సరిగ్గా అలాగే ఉంటుంది. ట్యూబులోని ఆకుపచ్చ తిన్నగా పూస్తే ఆ చెట్టు కోనసీమ చెట్టయిపోతుంది. సూర్యాస్తమయాల కోసం కొన్నాళ్ళ తర్వాత నాలుగోదిగా అలిజరిన్ క్రిమ్సన్ ఇచ్చారు. దాన్ని మాత్రం కుంచె చివర అంటీ అంటనట్టు తీసుకోమనేవారు.

నీళ్ళ విషయంలో ఆయన గట్టి మనిషి. జైసల్మేరులో ఏడాది మొత్తానికీ కురిసే వాన సగటున 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. చిన్నప్పుడు ఆడవాళ్ళు గడీసర్ నుంచి నీళ్ళు మోసుకు రావడం చూసిన మనిషి ఆయన. ఒక్కొక్కరికి ఒక చిన్న స్టీలు గిన్నెడు నీళ్ళు, సాయంత్రమంతా అవే. కుంచెలు కడగ్గా కడగ్గా ఆ నీళ్ళు మట్టిరంగుకు తిరిగేవి. ఆ నీళ్ళనే తర్వాతి కార్డు మీద మొదటి పూతగా పూయించేవారు. ఏ రంగూ తానై కనబడని ఆ పల్చటి పూత మీద ఆకాశమూ, నేలా ఒకదానికొకటి పరాయిగా ఉండవు. ఇప్పటికీ నేను కుంచె కడిగిన నీళ్ళు పారబోయను.

చలికాలం రాగానే ఆదివారాలు ఊరి బయటికి తీసుకెళ్ళేవారు. జీపులో మాడ్‌సాబ్, మేమిద్దరం, పాప, ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలు. 40, 50 కిలోమీటర్ల దూరంలో సామ్ ఒక దిక్కు, ఖూరీ ఒక దిక్కు. ఇసుక దిబ్బలంటే అందరూ సామ్‌కే పోతారు. అక్కడ ఒంటెల వరసలు, జీపుల మోత, డేరాల్లో పాటలు. మేం ఖూరీకే ఎక్కువ వెళ్ళాం. దారి పొడుగునా నాకు అర్థమైందేమిటంటే, ఎడారంటే దిబ్బలే కాదు. జైసల్మేరు చుట్టుపక్కల చాలా భాగం గులకరాళ్ళ మైదానం, చదునైన రాతి నేల, అక్కడక్కడా గడ్డి దుబ్బులు. క్యాలెండర్లలో ఆ నేలను ఎవరూ చూపించరు. నాకు మాత్రం దిబ్బలకన్నా అదే ఇష్టమైంది. గరుకు కాగితం మీద కుంచెను దాదాపు పొడిగా చేసి పడుకోబెట్టి లాగితే, రంగు ఎత్తుల మీదే అంటి గుంటలు తెల్లగా మిగులుతాయి. అలా ఒక్క లాగులో గులకరాళ్ళ నేల దిగిపోతుంది. ఒక్కో రాయీ వేయాల్సిన పని లేదు.

ఖూరీ దిబ్బల మీద మొదటి సాయంత్రం మాడ్‌సాబ్ కుంచెలు బయటికి తీయనివ్వలేదు. దిబ్బకు ఒకవైపు వాలు మెల్లగా ఎక్కుతుందనీ, రెండోవైపు నిటారుగా పడిపోతుందనీ చేతితో చూపించారు. వేసవిలో నైరుతి నుంచి వీచే బలమైన గాలి ఇసుకను మెల్లని వాలు మీదుగా పైకి తోస్తుంది. శిఖరం దాటిన ఇసుక అవతలికి జారిపోతుంది. పొడి ఇసుక ముప్పై డిగ్రీలకు కాస్త పైదాకా మాత్రమే నిలబడగలదు, అంతకన్నా నిటారుగా నిలవలేక జారుతుంది. అందుకే ఆ వైపు వాలు ఏ దిబ్బకైనా దాదాపు ఒకేలా ఉంటుంది. "ఇది చేతికి తెలిస్తే ఇంక గీత తప్పదు" అన్నారు. పిల్లల్ని ఆ నిటారు వైపు నుంచి జారమన్నారు. వాళ్ళు కేరింతలు కొడుతూ జారారు. మమ్మల్నీ జారమన్నారు. చీర కుచ్చిళ్ళు దోపుకుని మేమిద్దరం కూడా జారాం. మర్నాడు ఇంట్లో కూర్చుని వేసిన దిబ్బల్లో ఆ వాలు దానంతటదే వచ్చింది.

ఇంకో పాఠం నీడది. నీడ అంటే నలుపు అని మనందరి మనసులో పాతుకుపోయి ఉంటుంది. ఇంకో ఆదివారం సాయంత్రం, సూర్యుడు నైరుతి మూలకు దిగుతున్నాడు. దిబ్బల నిటారు వైపులు ఎక్కువగా ఈశాన్యానికి తిరిగి ఉండటంతో అవన్నీ నీడలో పడ్డాయి. మాడ్‌సాబ్ జేబురుమాలు తీసి శిఖరం మీద పరిచారు, సగం ఎండలో, సగం నీడలో. "కళ్ళు సగం మూసి చూడండి" అన్నారు. ఎండలో ఉన్న సగం వెన్న రంగులో ఉంది. నీడలో ఉన్న సగం నీలం. నేను రెండుసార్లు కళ్ళు తుడుచుకుని చూశాను. నీలమే. సూర్యుడి వెలుగు అందని చోటికి ఆకాశం వెలుగు ఒక్కటే అందుతుంది కాబట్టి ఆ నీలం నీడలోకి దిగుతుంది. ఇంకా దగ్గరగా వంగి చూస్తే, నీడ అడుగున ఎండపడ్డ పక్క దిబ్బ నుంచి వెనక్కి తగిలిన వెచ్చని కాంతి పల్చగా ఉంది. ఇసుక మీది అలల గీతలు కూడా అంతే, ప్రతి గీతకూ ఒక వెచ్చని అంచు, ఒక నీలపు అంచు.

శ్రీకాకుళం అమ్మాయి అప్పుడు అన్న మాట నాకు గుర్తుంది. "అప్పా, మా కళింగపట్నం ఇసకలో చిన్నప్పట్నుంచీ ఆడినాను. ఈ నీలం అక్కడా ఉండే ఉంటాది కదా. ఎప్పుడూ చూడనేదు." ఆ రోజు మా ముగ్గురి కార్డుల్లోనూ నీడలు నీలంగా వచ్చాయి. పాప కార్డులో అయితే ఒంటె కూడా నీలమే. మాడ్‌సాబ్ దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని చూశారు.

అలల గీతల గురించి ఆయనకు ఒక పట్టుదల ఉండేది. దిబ్బంతా గీతలతో నింపకూడదు. మన కాళ్ళ దగ్గర నాలుగు వేస్తే చాలు, దూరంలో ఉన్నవాటిని చూసేవాళ్ళ కళ్ళే పూర్తి చేసుకుంటాయి. ఆకాశం కూడా అంతే. పైన నీలం, కిందికి వచ్చేకొద్దీ దుమ్ము వల్ల పాలిపోయి, నేలను తాకే చోట కాస్త పసుపు. కాగితం తడిగా ఉండగానే పైనుంచి కిందికి ఒకేసారి దించి వదిలేయాలి, సర్దకూడదు. సర్దకుండా వదిలేయడంలో ఉన్న సుఖం నాకు అక్కడే తెలిసింది. వంటలోనూ, ఇంటి లెక్కల్లోనూ, పిల్లల చదువుల్లోనూ రోజంతా ఏదో ఒకటి సర్దుతూ ఉండేదాన్ని. ఆ కార్డు ముక్క మీద మాత్రం రంగు తన దారిన తాను ఆరేది, నేను చూస్తూ కూర్చునేదాన్ని. భుజాలు దిగేవి, ఊపిరి నెమ్మదించేది.

రంగు ఆరడం కూడా అక్కడ ఋతువును బట్టే. ఏప్రిల్ మధ్యాహ్నం పూత ఒక చివర నుంచి రెండో చివరకు చేరేలోగానే మొదటి చివర ఎండిపోయి గీత కడుతుంది. జనవరి తెల్లవారుజామున ఎంతకీ ఆరదు. జనవరిలో అక్కడ ఏడున్నరకు గానీ పొద్దు పొడవదు కాబట్టి, తీరిగ్గా టీ తాగి బయల్దేరినా సూర్యోదయం అందుతుంది. ఆ వేళ ఇసుక మీద రాత్రి తిరిగిన పురుగుల అడుగుజాడలు కుట్టు వేసినట్టు ఉంటాయి. గాలి లేవగానే చెరిగిపోతాయి. వాటిని కార్డు మీదికి దింపడానికి దొరికేది కాసేపే.

చెట్ల దగ్గర నాకు ఇంకో ఆశ్చర్యం ఎదురైంది. అక్కడ ఖేజ్డీ అనే చెట్టును చూపించి వేయమన్నారు. దగ్గరికి వెళ్ళి ఆకు తుంపి చూస్తే మన జమ్మి. దసరాకు మా ఊళ్ళో ఊరి బయట పూజ చేసి, ఆకు తెచ్చి పెద్దల చేతుల్లో పెట్టి కాళ్ళకు మొక్కే చెట్టు. అది రాజస్థాన్ రాష్ట్ర వృక్షం, తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా. అక్కడివాళ్ళకు అది పూజకే కాదు, కడుపుకూ ఆధారం. దాని కాయలు ఎండబెట్టి సాంగ్రీ పేరుతో కూర వండుతారు. మా ఊళ్ళో జమ్మికాయ కూర వండిన వాళ్ళను నేను చూడలేదు. ఆకు మేకలకు, ఒంటెలకు మేత. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ గ్రామంలో ఈ చెట్లను నరకడానికి రాజుగారి మనుషులు వస్తే, అమృతాదేవి మొదలుకొని 363 మంది బిష్ణోయీలు చెట్లను కావలించుకుని ప్రాణాలిచ్చారు. మాడ్‌సాబ్ ఈ కథ చెప్తున్నప్పుడు పిల్లల చేతుల్లో కుంచెలు ఆగిపోయాయి.

మేత కోసం చలికాలంలో ఆ చెట్టు కొమ్మల్ని కొట్టేస్తారు. డిసెంబరులో చూస్తే మోడు మీద పిడికిళ్ళు బిగించి ఎత్తినట్టు ఉంటుంది. "ఏటప్పా, చెట్టునిలాగ నరికీసినారు!" అని మా శ్రీకాకుళం అమ్మాయి బాధపడింది. వసంతంలో మళ్ళీ చిగురేస్తుందని మాడ్‌సాబ్ చెప్పారు, వేసింది కూడా. అదే చెట్టును మేం చలికాలంలో ఒకసారి, మార్చిలో ఒకసారి వేశాం. మార్చిలో దారి పక్కన రోహిడా చెట్లు కూడా నారింజ పూలతో నిండి ఉండేవి. ఆ పూల కోసం క్రిమ్సన్ ట్యూబు మూత మళ్ళీ తీశాం.

ఆయన ఇంట్లో ఒక మధ్యాహ్నం పంచకూటా కూర పెట్టారు. కేర్ కాయలు, సాంగ్రీ, ఎండబెట్టిన గూందా, మామిడి ఒరుగు, వీటితోపాటు గుండ్రటి బిళ్ళల్లాంటి గింజలు. అవి కుమట్ చెట్టు గింజలట. ఆ చెట్టు బెరడుకు గాటు పెడితే కారే జిగురే గమ్ అరబిక్. నీటిరంగుల్లో పొడిని కాగితానికి అంటిపెట్టేది అదే. సజ్జరొట్టె తుంచి గింజ నోట్లో వేసుకుంటూ, పక్కనే ఉన్న నా రంగుల డబ్బా వైపు చూశాను. దాన్లో ఉన్నవి మట్టీ, చెట్టు జిగురూ. ఓకర్, సియెనా అంటే ఇనుము ఉన్న మట్టి రంగులే కదా. ఎడారిని వేయడానికి కావలసినవి చాలావరకు ఎడారిలోనే ఉన్నాయి.

బొమ్మలో గాలిమరలు పెట్టాలా వద్దా అన్నదాని మీద మా మధ్య పెద్ద చర్చే జరిగింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు వాటిని తప్పించి ఫొటోలు తీసుకుంటారు. మా క్లాసులో ఒక పెద్దబ్బాయి కూడా వాటిని వదిలేసి కోట, ఒంటె మాత్రమే వేసేవాడు. నేను వేశాను. మా ఆయన అన్నం ఆ రెక్కల మీద నుంచే వచ్చేది. వాటి కింద మేకలు మేసేవి, వాటి నీడ ఇసుక మీద గడియారం ముల్లులా తిరిగేది. 1156లో రావల్ జైసల్ కట్టించిన కోట ఎంత నిజమో అవీ అంతే నిజం. కంటి ముందు ఉన్నది చెరిపేసి వేసిన ఎడారి నాకు నచ్చదు. మాడ్‌సాబ్ ఇద్దరి కార్డులూ గోడకు అంటించారు.

పక్క వాటా జవాను బావగారు సెలవు మీద ఇంటికి వస్తే ఫోనులో బాబ్ రాస్ వీడియోలు పెట్టుకుని చూసేవారు. 1983 నుంచి 1994 దాకా అమెరికా టీవీలో వచ్చిన ఆ కార్యక్రమంలో, ఆ మెత్తటి గొంతు మనిషి అరగంటలో ఒక ప్రకృతి దృశ్యం వేసి చూపించేవాడు. ఆయన అంతకుముందు 20 ఏళ్ళు వాయుసేనలో పనిచేశాడనీ, సార్జెంటుగా అందరి మీదా అరిచి అరిచి, ఇక జీవితంలో గొంతు పెంచనని నిశ్చయించుకున్నాడనీ చెప్తే బావగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం ఆయనా జీపెక్కారు. బాబ్ రాస్ తైలవర్ణాలు తడి కాన్వాసు మీద వేసేవాడు, మావి నీటిరంగులు. అయినా ఆ నిదానం ఒక్కటే. బావగారు కాపలా కాసే చోట కనబడే ఇసుకా, తుమ్మ పొదా గుర్తు తెచ్చుకుని వేశారు. రాత్రి డ్యూటీలో గంటల తరబడి చూసిన నేల కాబట్టి దాని మడతలన్నీ ఆయనకు తెలుసు. ఆ కార్డును వాళ్ళ అమ్మకు ఉత్తరంలో పెట్టి పంపారు.

మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. అప్పుడు బయటికి వెళ్ళడం కుదరదు. ఒక సాయంత్రం అరుగు మీద ఉండగా ఆంధీ అనే ఇసుక తుఫాను వచ్చింది. పడమటి ఆకాశం ముందు ముదురు ఓకర్‌కు, తర్వాత సియెనాకు తిరిగింది. కోట బురుజులు ఒక్కొక్కటే కనబడకుండా పోయాయి. అందరం లోపలికి పరిగెత్తాం. పాప వేస్తున్న తడి కార్డు మాత్రం అరుగు మీదే ఉండిపోయింది. గాలి తగ్గాక వచ్చి చూస్తే, ఆకాశమంతా సన్నటి ఇసుక అంటుకుని రంగుతోపాటు ఆరిపోయి ఉంది. పాప ఏడవబోయింది. మాడ్‌సాబ్ దాని వేలు పట్టుకుని ఆ కార్డు మీద మెల్లగా రాయించారు. గరగరలాడింది. "ఈ బొమ్మ మీద ఎడారి సంతకం చేసింది, బేటీ" అన్నారు. అది ఇప్పుడు శ్రీకాకుళంలో వాళ్ళింటి గోడ మీద ఫ్రేములో ఉంది.

మాకు బదిలీ అయి చాలా ఏళ్ళయింది. కార్డులు ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. పాలమూరు వచ్చాక అదే మూడు రంగులతో మా గుట్టలూ, రాళ్ళూ, బీళ్ళూ వేస్తున్నాను. జమ్మిచెట్టు ఎలా వేయాలో ఇప్పుడు ఒకరు చెప్పక్కర్లేదు.

చలికాలం సెలవుల్లో రాజస్థాన్ వెళ్ళేవాళ్ళకు ఒక మాట. పెట్టెలో నాలుగు దళసరి కార్డులు, ఆ మూడు ట్యూబులు, ఒక లావు కుంచె, ఒక సన్నది, చిన్న గిన్నె వేసుకోండి. జీపు సవారీలో ఒకటి తగ్గించుకుని, పొద్దు వాలడానికి గంట ముందు దిబ్బ మీద ఒకచోట కూర్చోండి. జేబురుమాలు సగం ఎండలో, సగం నీడలో పరిచి చూడండి. నీలం కనబడ్డాక కుంచె తడపండి. పక్కన పిల్లలుంటే వాళ్ళకూ ఒక కార్డు ఇవ్వండి, ఏం వేయాలో మాత్రం చెప్పకండి.